వరిమడిలో కప్పలకు నెలవు

పశుపోషణమును గూర్చియు, కోళ్ల పెంపకమును గూర్చియు, చేపల చెరువులను గూర్చియు కృష్ణా డెల్టా రైతులకు బోధించువారు పెక్కుమంది గలరు. కప్పను గూర్చి చెప్పువారు అరుదు. కప్ప పాలీయదు, బండి లాగదు, సంతలో ధర పలుకదు. అయినను కూలి యడుగక రాత్రియంతయు మన చేలలో పనిచేయు ప్రాణి యది. ఊరిలో దానికి ఏడాదికొకసారి మాత్రమే గౌరవము లభించును. వానలు వెనుకబట్టిన యేట స్త్రీలు రోకలికి కప్పను గట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికి త్రిప్పి నీళ్లు పోయించెదరు. ఆ కప్పతల్లి పండుగనాడు తప్ప తక్కిన దినములలో కప్పను తలచువారు లేరు.

తొలి వాన కురిసిన రాత్రి డెల్టా యంతయు కప్పల బెకబెకలతో నిండుట ఒకప్పుడు మామూలు. ఋగ్వేదము ఏడవ మండలములో వానకాలపు కప్పల మీద ఒక సూక్తమే కలదు. నేడు మేము చేల గట్లవెంట తిరుగునపుడు కొన్ని బోదెల వద్ద ఆ ధ్వని నిండుగా వినబడుచున్నది. మరికొన్ని బోదెల వద్ద మోటారు చప్పుడు తప్ప మరేమియు వినబడదు. రెండింటికిని నీరు ఒకే కాలువనుండి వచ్చుచున్నది. భేదము నీటిలో లేదు. ఆ నీటిని, ఆ నేలను మనము వాడుకొను తీరులో నున్నది. కప్పకు చేలో నెలవు చూపుట యెట్లు, దాని సంతతి నిలుచుట యెట్లు అను సంగతులను ఈ వ్యాసములో విశదపరచెదము.

మన డెల్టాలోని కప్పలు

విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తియైనది. దాని స్థానమున ప్రకాశం బ్యారేజి 1957లో వచ్చినది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ, ఆవలిగట్టున కొమ్మమూరు కాలువ మొదలగువాని వలన పారు నీరు మనకు వరినిచ్చుటయే గాక, లక్షలాది కప్పలకు కూడ నిలయమైనది. ఏలయన, వరిమడి వంటి లోతు తక్కువ, వెచ్చన గల నీరు కప్ప గ్రుడ్లకు మిక్కిలి అనుకూలమైనది.

వీనిలో పెద్దది బోదురుకప్ప. ఇది ఆరంగుళముల వరకు పెరుగును. వానలు పడగానే మగకప్ప ఒడలు నిమ్మపండు ఛాయకు మారి, గొంతు క్రింద నీలిరంగు తిత్తులు ఉబ్బును. దానిని చూచి ఇది వేరొక జాతి యని భ్రమపడువారు కలరు. చేలలో ఎక్కువగా కనబడునవి ఒకటిన్నర అంగుళమునకు మించని బూడిదవన్నె చిన్నకప్పలు. అలికిడి విని నీటిమీద రాతిపెంకువలె జారుచు గెంతిపోవు కప్ప కాలువ యొడ్డులందుండును. అంగుళమైనను లేని మూతి సన్నని కప్ప గడ్డిదుబ్బుల క్రింద దాగి, తన పరిమాణమునకు మించిన గొంతుతో అరచును. స్నానపు గదుల గోడలకు అంటుకొనియుండునది చెట్టుకప్ప. ఒడలెల్ల పొక్కులతో పెరటిలో నెమ్మదిగా నడచునది గరుకుచర్మపు కప్ప. దాని చర్మములో విషద్రవ్యము గలదు గాన, ముట్టినవారు చేతులు కడుగుకొనవలెను. పులిపిరులు వచ్చునను మాట మాత్రము నిజము గాదు.

కప్ప కదలెడు జీవమును మాత్రమే ఆహారముగా గైకొనును. దోమలు, ఆకుముడత రెక్కల పురుగులు, కాండము తొలుచు పురుగు యొక్క రెక్కల పురుగులు, మిడుతలు, దుబ్బుల మొదట తిరుగు సుడిదోమలు దాని నోటబడును. ఇందు ఒక సత్యమును దాచరాదు. కప్పకు మనకు మేలుచేయు సాలెపురుగునకును, కీడుచేయు దోమకును భేదము తెలియదు. సుడిదోమ ఒక్కసారి విజృంభించి చేను సుడులు సుడులుగా మాడుచున్నపుడు కప్పలు దానిని ఆపజాలవు. పురుగు తక్కువగానున్న దినములలో దానిని తక్కువగానే నిలిపియుంచుట కప్ప చేయు పని. ఇంటికి కావలివాడు దొంగతనమును నివారించునే గాని, దండయాత్రను ఆపలేడు గదా.

గ్రుడ్డునుండి కప్ప వరకు

మగకప్పల పిలుపు విని ఆడకప్పలు నీటికి చేరును. గ్రుడ్లను చూచి జాతిని గుర్తింపవచ్చును. బోదురుకప్ప గ్రుడ్లు వేలకొలది పలుచని పొరవలె నీటిపై తేలును. నల్లని పూసలను జిగురుదారమున గ్రుచ్చినట్లు నాచు చుట్టు పెనవేసికొనియున్నచో అవి గరుకుచర్మపు కప్పవి. నీటికి పైన కొమ్మకో, తొట్టిగోడకో తెల్లని నురుగుముద్ద అంటియున్నచో అది చెట్టుకప్ప కట్టిన గూడు. పిల్లలు పొదిగిన పిమ్మట ఆ నురుగు నుండి క్రింది నీటిలోనికి జారిపడును. కావున ఆ నురుగును చెత్త యని గీకి పారవేయరాదు.

మన వేడిమికి గ్రుడ్లు ఒకటి రెండు దినములలోనే పొదుగును. వెలువడు తోకకప్పలు మొదట చేపలవలె మొప్పలతో ఊపిరి దీయును. పెక్కుజాతుల తోకకప్పలు నాచును, క్రుళ్లిన ఆకులను తినును. బోదురుకప్ప పిల్లలు మాత్రము మాంసాహారులు. తక్కిన తోకకప్పలను, తిండి చాలనిచో తమ తోబుట్టువులను గూడ తినును. ముందు వెనుకకాళ్లు, పిమ్మట ముందుకాళ్లు వచ్చును. తోక క్రమముగా శరీరములో కలిసిపోవును. బోదురుకప్పకు ఇదంతయు జరుగుటకు నెల లేక నెలన్నర పట్టును. కొన్ని జాతులకు రెండు నెలల వరకు పట్టవచ్చును.

ఇందు రెండు అపాయస్థానములున్నవి. మొదటిది, ఈ గడువు తీరకముందే నీరు ఇంకిపోవుట. రెండవది, తోక కరుగు దినములలో గట్టు ఎక్కలేకపోవుట. అప్పటికి మొప్పలు పోయి ఊపిరితిత్తులు వచ్చియుండును. ఎక్కుటకు దారి లేనిచో నీటిలో బుట్టిన ప్రాణి ఆ నీటిలోనే మునిగి చచ్చును. నిలువుగోడల సిమెంటు కాలువలలోను, తొట్లలోను చచ్చి తేలుచున్న చిన్నకప్పల మరణమునకు పెక్కుసార్లు ఇదియే కారణము. అట్టిచోట ఒక పాత గోనెసంచినో, వెదురుబద్దనో నీటిలోనికి వ్రేలాడదీసిన చాలును.

గాజుపెట్టెలలో పెంచువారి అనుభవము

ఐరోపా, అమెరికా దేశములలోను, మన నగరములలో కొందరును చిన్నకప్పలను గాజుపెట్టెలలో గుంపుగా పెంచుదురు. దక్షిణ అమెరికా అడవులకు చెందిన రంగురంగుల విషపుకప్పలు వీనిలో ప్రసిద్ధములు. అడవిలో తాము తిను చీమలు మొదలగువాని నుండి విషమును కూడబెట్టుకొను ఈ కప్పలు, పెట్టెలో పుట్టి వేరు ఆహారముతో పెరిగినచో విషహీనములగును. ఆ పెంపకమును ఇచట వర్ణించుట రైతులు పెట్టెలు కొనవలెనని కాదు. కప్ప అవసరములు అందు స్పష్టముగా కనబడుచున్నవి గనుక చెప్పుచున్నాము.

వారు పెట్టె అడుగున ఎండుటాకులను పరచెదరు. ప్రతి కప్పకును దాగుటకు చాటు కల్పించెదరు. క్లోరిన్ కలిసిన కుళాయినీటిని వాడరు. నోటికి పట్టు చిన్నపురుగులనే వేసెదరు. కొన్నాళ్లు తడి తగ్గించి, పిమ్మట వానవలె నీరు చిలుకరించెదరు. దానితో మగవి పిలుచుట మొదలిడును. పుట్టిన తోకకప్పలు ఒకదానినొకటి తినకుండ వేరువేరు గిన్నెలలో నుంచెదరు. ఇవి యన్నియు కలిపి చూచినచో, శుద్ధమైన నీరు, తడినీడ, సన్నని ఆహారము, చాటు, రద్దీ లేమి అను అయిదును కప్ప కోరునవి. డబ్బు పోసి వారు పెట్టెలో కల్పించు ఈ అయిదును మన చేలో కొద్ది శ్రమతోనే సమకూరును.

చట్టమును గూర్చి ఒక మాట. మన బోదురుకప్ప 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ క్రిందికి వచ్చినది. దానిని పట్టి బంధించుటయు, అమ్ముటయు తగదు. అంతర్జాతీయ ఒప్పందములోని విదేశీ జాతులను పెంచువారు ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెనని 2022 సవరణ చెప్పుచున్నది. కావున మేము చెప్పు పెంపకము పట్టి తెచ్చుట కాదు, చోటు చూపుట. చోటున్నచో కప్ప తానే వచ్చును.

కప్పగుంట త్రవ్వు విధము

స్థలము: చేలో పల్లపు మూలను ఎంచుకొనవలెను. నీరు బయటికి పోవు తూమునకు లోపలివైపున ఉండుట మేలు. ఇంటికిని, కళ్లమునకును, పశువుల పాకకును దూరముగా ఉండవలెను.

పరిమాణము: పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు చాలును. ఇది సెంటులో ఏడవవంతు కంటె ఎక్కువ కాదు. ఎకరమునకు నూరు సెంట్లు గదా, పోవు పంట ఎంత యని లెక్కించుకొనవచ్చును. త్రవ్విన మట్టి గట్టు బలపరచుటకు ఉపయోగించును.

లోతు: ఒక ప్రక్క రెండడుగులు ఉండి, ఎదుటి ప్రక్క మడి మట్టమునకు వాలుగా రావలెను. ఆ వాలే చిన్నకప్పలకు మెట్లు. నాలుగు ప్రక్కల నిలువుగా త్రవ్విన గుంట పైన చెప్పిన సిమెంటు తొట్టితో సమానము.

చాటు: గట్టున తుంగను, గరికను ఒక గజము మేర కోయక విడువవలెను. నాలుగు పెంకులు, ఒక మొద్దు, కొంత ఎండుగడ్డి వేసిన యెడల పగటిపూట తలదాచుకొనును. ఎండకాలములో బోదురుకప్పలు మట్టిలో దూరి నిద్రించును గాన, వేసవిలో ఆ మూలను దున్నకుండ విడువవలెను.

చేపలు: ఈ గుంటలో చేపలు వేయరాదు. కొర్రమట్ట, మార్పు మొదలగునవి తోకకప్పలను మిగుల్చవు. కాలువలు కట్టిన వేసవిలో గుంట ఎండిపోవుట నష్టము కాదు, లాభమే. నీటితోపాటు కొట్టుకొనివచ్చిన చేపలు అప్పుడు నశించును. మరల నీరు వచ్చునప్పటికి కప్పలకు శత్రుశేషము లేని గుంట సిద్ధముగా ఉండును.

కప్పలను తెచ్చి వేయుట: ఇది చేయరాదు. ఒకచోటి కప్పలను మరొకచోటికి తరలించుటవలన రోగములు వ్యాపించును. కప్పల చర్మమునకు పట్టు ఒక బూజురోగము ప్రపంచములో పెక్కు జాతులను నశింపజేసినదని 1990ల చివర శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన బోదురుకప్పయే అండమాను దీవులకు మనుష్యులవలన చేరి, అచటి కప్పల సంతతికి ముప్పు తెచ్చుచున్నది. ఇంటి గాజుపెట్టెలోని విదేశీ కప్పలను కాలువలో విడుచుటయు ఇట్టి పాపమే.

మడి ఆరగట్టునప్పుడు

గుంట యొక్క ముఖ్యప్రయోజనము ఇచటనే తెలియును. సుడిదోమను అణచుటకు మడిని అప్పుడప్పుడు ఆరగట్టవలెనని మేము చెప్పుచుందుము. ప్రతి రెండు మీటర్లకు ఇరువది సెంటీమీటర్ల కాలిబాట విడిచి నాటవలెననియు చెప్పుచుందుము. ఆ సలహా సరియైనదే. కాని నాట్లు వేసిన కొలది వారములకు మడి ఆరినచో, సగము పెరిగిన తోకకప్పలన్నియు బురదలో ఎండి చచ్చును. సుడిదోమను తినవలసిన కప్పలను మనమే చంపినవారమగుదుము.

పల్లపు మూలను గుంట యున్నచో ఈ చిక్కు తీరును. నీటిని ఒక్కపెట్టున గాక మెల్లగా తీయవలెను. మడినుండి గుంట వరకు జానెడు వెడల్పు గాడి చేసినచో తోకకప్పలు దిగుచున్న నీటితో వచ్చి గుంటలో చేరును. మడి ఆరును, కప్పలు బ్రదుకును.

జపానుదేశములో తొయొవొకా అను పట్టణమున రైతులు ఇట్టి యోచననే అనుసరించుచున్నారు. అచట అంతరించిన కొంగజాతి నొకదానిని 2005లో తిరిగి వదలిరి. ఆ కొంగలకు ఆహారము కావలెను గనుక, తోకకప్పలు కప్పలగునంతవరకు మడులను ఆరగట్టుటను వాయిదా వేసెదరు. అట్లు పండించిన బియ్యమును ఆ కొంగ పేరిటనే అమ్ముచున్నారు.

మందులను గూర్చి

కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మముతో పీల్చుకొనును. నీటిలో కలిసిన ప్రతి మందును దాని యొడలిలోనికి పోవును. మడిలో చల్లు గుళికలును, నీటిపై బడు పిచికారి మందులును తోకకప్పలకు మిక్కిలి హానికరములు. మందే వాడవద్దని మేము చెప్పము. చేను పోవుచుండగా చేతులు కట్టుకొని కూర్చుండుమనుట సలహా కాదు. అయితే ఈ నియమములు పాటింపదగును. పురుగును లెక్కించి, హద్దు మించిననే కొట్టవలెను. పొరుగువాడు కొట్టెనని కొట్టరాదు. గుంట చుట్టును పది అడుగుల మేర విడువవలెను. మందు కలిపిన బిందెలను, పిచికారి యంత్రములను గుంటలోగాని, బోదెలోగాని కడుగరాదు. మందు కొట్టిన మడి నీటిని వెంటనే గుంటలోనికి వదలరాదు.

పాముల భయము

కప్పలున్నచోట పాములు చేరునని కొందరు సందేహించెదరు. అది నిజమే. నీరుకట్టె పాము కప్పలను తినును, దానికి విషము లేదు. నాగుపాము కూడ రావచ్చును. కాని చేలోనికి పాములను రప్పించునది కప్ప యొక్కటియే కాదు, ఎలుకలును రప్పించును. అందువలననే గుంట ఇంటికి దూరముగా ఉండవలెనంటిమి. రాత్రివేళ నీరు పెట్టబోవువారు దీపము, బూట్లు లేక గట్టెక్కరాదు. కాటు పడినచో మంత్రములకై కాలము వ్యర్థము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఈ జాగ్రత్త గుంట ఉన్నను లేకున్నను డెల్టా రైతునకు తప్పనిదే.

గడచిన కాలపు పాఠము

కప్పకు సంతలో ధర పలుకదని ముందు చెప్పితిమి. ఒకప్పుడు పలికినది. విదేశములలో కప్పకాళ్లను రుచిగా తిందురు. 1980ల తొలి సంవత్సరములలో మనదేశమునుండి ఏటా వేలకొలది టన్నుల కప్పకాళ్లు ఎగుమతియైనవి. అవి గాజుపెట్టెలలోగాని, చెరువులలోగాని పెంచినవి కావు. వానకాలపు రాత్రులలో, గ్రుడ్లు పెట్టుటకు చేరిన సమయముననే, దీపములతో పట్టినవి. అనగా పంటను గాక విత్తనమును అమ్ముకొనిరి. 1985లో బోదురుకప్ప అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేరినది. 1987లో భారతప్రభుత్వము ఎగుమతిని నిషేధించినది. పట్టినవానికి దక్కినది కొన్ని రూకలు. చేలోని పురుగునకు మందు కొనవలసినవాడు మాత్రము రైతు. లాభము ఒకరిది, ఖర్చు మరొకరిది యగు బేరము ఎన్నడును మంచిది కాదు.

సంఘము చేయదగిన పని

ఒక్క రైతు గుంట త్రవ్వి, ఎగువ రైతు మందునీటిని బోదెలోనికి వదలినచో ప్రయోజనము లేదు. కప్పకు సర్వే రాళ్లు తెలియవు. కావున ఇది ఒక బోదె క్రింది రైతులందరును కూడి చేయవలసిన పని. కలిసి పనిచేయలేని గుంపును మనవారు కప్పల తక్కెడ యందురు. ఒకదానిని తూచుచుండగా మరియొకటి గెంతునని దాని భావము. కప్పల విషయములోనైనను మన సంఘములు ఆ మాట పడకుండవలెను.

సభ్యులు ఈ క్రింది పనులను తీర్మానించుకొనవచ్చును. కాలువలకు నీరు వదలుటకు పూర్వమే, వేసవిలో నేల గట్టిగానున్నపుడు, బోదెకు కనీసము రెండు మూడు గుంటలు త్రవ్వుట. ఆరగట్టు దినములను కలిసి నిర్ణయించుకొనుట. పురుగును కలిసి లెక్కించిన పిమ్మటనే మందు కొనుట. మరియు తొలి వాన కురిసిన రాత్రి ఎనిమిది గంటలకు, ఒక్కొక్క సభ్యుడు తన చేని గట్టుపై పావుగంట నిలిచి, ఎన్ని విధములైన కప్పల అరుపులు వినబడినవో వ్రాసికొనుట. దీనికి ఖర్చు లేదు, యంత్రము లేదు. బడిపిల్లలను వెంటబెట్టుకొని పోయినచో వారికి అది చక్కని పాఠము. కప్పను సీసాలో బంధించి చూపుటకంటె అది మేలు.

ఆ లెక్కను సంఘము పుస్తకములో ఏటేట వ్రాయింపుడు. పద్దు పెరుగుచున్నచో గుంటలు పనిచేయుచున్నట్లు. తరుగుచున్నచో ఆ బోదెమీద ఏ నీరు, ఏ మందు, ఏ త్రవ్వకము దానికి కారణమో అదే సంవత్సరము విచారింపవచ్చును. అప్పులను, ఎరువులను లెక్కించుచున్న మనకు ఈ యొక్క పద్దు అధికభారము కాదు.